సరూర్‌నగర్, దాని ఇరుగుపొరుగు ఊళ్ళు

హైదరాబాదుకు తూర్పున, మూసీకి దక్షిణాన, విజయవాడ రహదారికి కాస్త లోపలగా చెరువును ఆనుకొని ఎదిగిన ఊరు సరూర్‌నగర్. గడ్డిఅన్నారం, కొత్తపేట, కర్మన్‌ఘాట్, నాగోలు, బైరామల్‌గూడ, జిల్లెలగూడ, మన్సూరాబాద్ దాని ఇరుగుపొరుగు. బయటివాళ్ళు ఇప్పుడు వీటన్నిటినీ కలిపి దిల్‌సుఖ్‌నగర్ అంటారు. ఇంకొంచెం తూర్పుకు జరిగితే ఎల్.బి.నగర్ అంటారు. ఈ రెండూ ఊళ్ళ పేర్లు కావు, ఊళ్ళ పొలాల మీద లేచిన కాలనీల పేర్లు. అయినా భూమి కాగితాల్లో పాత పేర్లే చెల్లుతున్నాయి. ఫ్లాటు కొన్నాయన దిల్‌సుఖ్‌నగర్‌లో కొన్నానని చుట్టాలకు చెప్పుకుంటాడు. దస్తావేజులో మాత్రం గడ్డిఅన్నారం గ్రామం, సరూర్‌నగర్ మండలం, రంగారెడ్డి జిల్లా అని ఉంటుంది.

ఇంగ్లండులో ఒక పల్లె చరిత్ర రాయాలంటే 1086 నాటి డూమ్స్‌డే లెక్కల పుస్తకం తెరుస్తారు, ఆ తర్వాత చర్చిలో పెళ్ళిళ్ళూ చావులూ రాసిపెట్టిన రిజిస్టర్లు తిరగేస్తారు. మన ఊళ్ళకు అలాంటి పుస్తకాలు లేవు. ఉన్నవి శాసనం, స్థలపురాణం, చెరువు కట్ట, పట్వారీ పహాణీ. సరూర్‌నగర్ ప్రాంతంలో ఈ నాలుగూ దొరుకుతాయి.

పేర్లలో సంతోషం

సరూర్ అంటే ఉర్దూలో ఆనందం, ఒకరకమైన తీయని మత్తు. దిల్‌సుఖ్ అంటే మనసుకు సుఖం. హయత్‌నగర్‌లోని హయత్ అంటే జీవితం. ఒకే దారి మీద ఇన్ని కులాసా పేర్లు వరుసగా వచ్చాయి. కోటగోడల నగరానికి ఇది చాలాకాలం ఊపిరి పీల్చుకునే దిక్కు. దర్బారులో పనిచేసేవాళ్ళకు తోటలూ విడిదిళ్ళూ వేటా ఇక్కడే దొరికేవి.

సరూర్‌నగర్ పేరు సురూర్ అఫ్జా బాయి అనే స్త్రీ మీద వచ్చిందని చెబుతారు. రెండో నిజాం అయిన నిజాం అలీఖాన్ దివాను అరస్తూ జా ఆమెను అభిమానించి, ఆమె పేరు ఈ చోటికి పెట్టించాడట. దిల్‌సుఖ్‌నగర్ విషయంలో వినిపించేది దిల్‌సుఖ్ రాం పర్షాద్ అనే భూస్వామి పేరు. మలక్‌పేటతో నగరం ముగిసిపోయే రోజుల్లో దాని అవతలి పొలాలు ఆయనవి, వాటినే ప్లాట్లుగా విడగొట్టారు. అంటే ఒక పేరు ప్రేమ కథ, రెండోది స్థిరాస్తి వ్యాపారం. ఈ ప్రాంతానికి తర్వాత పట్టిన దశ చూస్తే రెండో పేరే గెలిచిందనాలి.

ఈ ఉర్దూ పేర్ల నడుమ గడ్డిఅన్నారం, కొత్తపేట, నాగోలు, జిల్లెలగూడ లాంటి అచ్చమైన పల్లె పేర్లు చెక్కుచెదరకుండా నిలిచాయి. దొరలు వచ్చి పేరు పెట్టిన చోట నగర్, రైతులు ముందే పెట్టుకున్న చోట గూడ, పేట. అందుకే ఇక్కడి పటాన్ని చదువుతుంటే ఎవరు ముందు, ఎవరు వెనక అన్నది సగం తేలిపోతుంది.

మూసీ ఒడ్డున భిక్షువులు

హైదరాబాదు వయసు నాలుగు వందల ఏళ్ళని చెప్పడం అలవాటైపోయింది. చార్మినారు కట్టింది 1591లో. అయితే చైతన్యపురిలో, మూసీ ఒడ్డున ఫణిగిరి గుట్ట మీద ఉన్న కోసగుండ్ల లక్ష్మీనరసింహస్వామి గుడి దగ్గర బండకు చెక్కిన శాసనం చార్మినారు కన్నా వెయ్యేళ్ళకు పైగా పాతది. భాష ప్రాకృతం, లిపి బ్రాహ్మి. అందులో గోవిందరాజ విహారం ప్రస్తావన ఉంది. విష్ణుకుండిన రాజు గోవిందవర్మ పేరిట వెలసిన బౌద్ధ విహారం అదేనని పండితులు భావిస్తారు. కాలం సుమారు సా.శ. 5వ శతాబ్దం. భిక్ష ఎత్తుకొని బతికే పిండపాతిక భిక్షువుల కోసం రాతి నివాసం ఏర్పాటు చేసిన సంగతి అందులో నమోదైంది. బి.ఎన్.శాస్త్రి, పి.వి.పరబ్రహ్మశాస్త్రి వంటి చరిత్రకారుల కృషి వల్ల ఇది లోకానికి తెలిసింది. నగర పరిధిలో దొరికిన శాసనాల్లో దీన్నే అన్నిటికన్నా ప్రాచీనమైనదిగా చెబుతారు.

భిక్షువులు అక్కడ ఉన్నారంటే భిక్ష వేసే ఊళ్ళు దగ్గర్లో ఉన్నాయనే అర్థం. పొద్దున బయల్దేరి నాలుగిళ్ళు తిరిగి, ఎండ ముదరకముందే తిరిగి వచ్చేటంత దూరంలో వండుకుతినే జనం ఉండాలి. విహారానికి శాసనం మిగిలింది, ఆ ఊళ్ళకు పేరైనా మిగల్లేదు. నేటి చైతన్యపురిలో శాసనం సంగతి తెలిసినవారికన్నా గుట్ట మీది నరసింహస్వామికి దండం పెట్టుకునేవారే ఎక్కువ. గుడి ఉండబట్టే బండకూ కాపలా దొరికిందని ఒప్పుకోవాలి. చుట్టుపక్కల గుట్టలు ఎన్ని కంకరై పోయాయో ఈ నగరంలో ఉన్నవాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు.

కర్మన్‌ఘాట్ కథ

కర్మన్‌ఘాట్ ధ్యానాంజనేయస్వామి గుడిది స్థలపురాణాల దారి. కాకతీయ రెండో ప్రోలరాజు వేటకొచ్చి అలసి చెట్టు కింద కూర్చుంటే పులి గాండ్రింపు వినిపించిందట. వెతికితే పులి లేదు, పొదల్లో ధ్యానముద్రలో ఉన్న హనుమంతుడి విగ్రహం కనిపించింది. రాజు గుడి కట్టించాడు. ఏడాది 1143 అని చెబుతారు. రెండో ప్రోలరాజు పాలనాకాలం దాదాపు 1116 నుంచి 1157 వరకు కాబట్టి కథలోని ఏడాదికి చరిత్రతో పేచీ లేదు.

రెండో కథ ఔరంగజేబుది. గోల్కొండ 1687లో మొగలుల వశమైంది. ఆ రోజుల్లో గుడి కూల్చడానికి వచ్చిన సైన్యం ప్రహరీ దాటలేకపోయిందని, గుడి కూల్చాలంటే మనసు రాయి చేసుకోవాలని ఆకాశవాణి పలికిందని, 'కర్ మన్ ఘట్' అనే ఆ మాటలే ఊరి పేరయ్యాయని చెప్పుకుంటారు. చెవికి ఇంపైన కథే. కాని చుట్టూ తెలుగు మాట్లాడే పల్లెలో దేవుడు హిందీలో పలకడం, ఆ హిందీ ముక్క ఊరి పేరుగా స్థిరపడటం కథకుల తెలివిగా అనిపిస్తుంది. పేరు ముందుండి, దానికి సరిపోయే మాటలు తర్వాత కుదిరి ఉంటాయి. మంగళ, శనివారాల్లో గుడి ముందు బారులు తీరే భక్తులకు ఈ చర్చతో పనిలేదు. కొత్తగా కొన్న బండికి పూజ చేయించాలంటే ఈ చుట్టుపక్కలవారికి ముందు గుర్తొచ్చేది ఈ హనుమంతుడే.

బందరు దారి

గోల్కొండ నుంచి బందరు, అంటే మచిలీపట్నం, రేవుకు వెళ్ళే దారి ఇటుగానే సాగేది. 1611లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ మచిలీపట్నంలో కోఠీ తెరిచాక అద్దకం బట్టలూ వజ్రాలూ మోసే బిడారులు ఈ దారి మీద మరింత పెరిగాయి. గోల్కొండ సుల్తాను మహమ్మద్ కులీ కుమార్తె, అబ్దుల్లా కుతుబ్‌షా తల్లి అయిన హయాత్ బక్షీ బేగం పేరు మీద వెలిసిన హయత్‌నగర్‌లో మసీదు, బాటసారుల సరాయి, ఏనుగులతో నీళ్ళు తోడించిన పెద్ద బావి ఏర్పడ్డాయి. హాథీ బావి అని పిలిచే ఆ బావి నేటికీ ఉంది. ఆ దారే తర్వాత 9వ నంబరు జాతీయ రహదారి అయింది, ఇప్పుడు 65. సంక్రాంతికి ముందు రోజుల్లో ఎల్.బి.నగర్ కూడలిలో సంచులతో, పిల్లలతో బస్సు కోసం నిలబడే వేలమంది వెళ్ళేది ఆ పాత బందరు దారినే.

18వ శతాబ్దం చివరలో ఈ దిక్కుకు ఇద్దరు పెద్దమనుషుల పేర్లు అంటుకున్నాయి. ఒకరు పైన చెప్పిన అరస్తూ జా. మరొకరు ఫ్రెంచి సేనాని రేమండ్. 1795లో ఖర్దా దగ్గర మరాఠాల చేతిలో నిజాం ఓడిపోయాడు. రేమండ్ ఆ యుద్ధంలో నిజాం తరఫున పోరాడాడు. అరస్తూ జా సంధి షరతు కింద పుణేకు బందీగా వెళ్ళి, 1797లో తిరిగొచ్చాడు. రేమండ్ ఫ్రెంచివారి మనిషి, దివాను ఇంగ్లీషువారి వైపు మొగ్గినవాడు. 1798 మార్చిలో రేమండ్ చనిపోయాడు. అదే ఏడాది సెప్టెంబరులో నిజాం ఇంగ్లీషువారితో సైన్య సహకార ఒప్పందం చేసుకున్నాడు, అక్టోబరులో ఫ్రెంచి పటాలాలు ఆయుధాలు దించాయి. రేమండ్ సమాధి మలక్‌పేట దాటాక గుట్ట మీద ఉంది. నల్లరాతి స్తంభం, పక్కన గ్రీకు పద్ధతి మంటపం. సిపాయిలు ఆయన్ని మూసా రహీం అనీ మూసా రాం అనీ పిలుచుకున్నారు. ముస్లింలకు రహీం, హిందువులకు రాం. ఆ పేరే మూసారాంబాగ్. ఇంగ్లీషువారి పక్షం గెలిచింది. ఓడిన పక్షపు సేనాని పేరు బస్సు బోర్డు మీదికెక్కింది.

ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ హయాంలో ఈ దిక్కు మళ్ళీ కళకళలాడింది. 1886లో గుర్రప్పందాల మైదానం మలక్‌పేటకు వచ్చింది. నిజాం దర్బారు ప్రముఖుడు ఆస్మాన్ జా 1885లో గుట్ట మీద ఆస్మాన్‌గఢ్ కట్టుకున్నాడు. సరూర్‌నగర్ పక్కన నిజాం విడిది కోసం లేచిన మహలును 1901లో విక్టోరియా రాణి చనిపోయాక ఆమె జ్ఞాపకార్థం అనాథ పిల్లలకు ఇచ్చేశారు. విక్టోరియా మెమోరియల్ హోం అదే. ఇంగ్లండు రాణి పేరుతో, నిజాం దాతృత్వంతో, తెలంగాణ పల్లె నడుమ నడిచిన ఆ అనాథాశ్రమం చుట్టూ చాలాకాలం చెట్లూ ఖాళీ నేలా ఉండేవి. ఇప్పటికీ ఈ ప్రాంతంలో పాత భవనం అన్న మాటకు తగిన కట్టడం అదే. వనస్థలిపురం అవతల నిజాం వేటకు ఉంచుకున్న అడవి 1975లో మహావీరుడి 2,500వ నిర్వాణ సంవత్సరం పేరుతో మహావీర్ హరిణ వనస్థలి అయింది. విస్తీర్ణం 3,758 ఎకరాలు. వేటలో మిగిలిన కృష్ణజింకలకు మహావీరుడి అహింస అడ్డుపడటం చరిత్రలో అరుదుగా జరిగే న్యాయం.

చెరువు, ఊరు

దర్బారు కథలు ఎన్ని ఉన్నా సరూర్‌నగర్‌ను ఊరిని చేసింది చెరువు. 1626లో తవ్వించారని చెబుతారు. గోల్కొండలో మహమ్మద్ కుతుబ్‌షా పోయి అబ్దుల్లా గద్దెనెక్కిన ఏడాది అది. విస్తీర్ణం సుమారు 99 ఎకరాలు. పైన మీర్‌పేట, జిల్లెలగూడ చెరువులు నిండితే ఆ నీళ్ళు ఇక్కడికి దిగేవి, ఇది నిండి మత్తడి దుంకితే మిగిలింది మూసీలో కలిసేది. తెలంగాణలో గొలుసుకట్టు అనే ఈ ఏర్పాటులో ఏ చెరువూ ఒంటరిది కాదు. కింది ఊరి పంట పై ఊరి మత్తడి మీద ఆధారపడి ఉంటుంది.

అలాంటి ఊరికి కొన్ని పదవులు తప్పనిసరి. తూము ఎప్పుడు తెరవాలి, ఎవరి మడికి ఎంతసేపు పారించాలి అన్నది నీరటి చూసేవాడు. భూమి లెక్క పట్వారీది, శిస్తు వసూలు మాలీ పటేల్‌ది, తగాదా పోలీస్ పటేల్‌ది. కచ్చీరు దగ్గర పంచాయితీ, ఊరి నడుమ బొడ్రాయి, పొలిమేరలో పోచమ్మ. ఎండాకాలం నీళ్ళు తగ్గితే బయటపడే చెరువు లోపలి నేల శిఖం. అందులో పుచ్చకాయో దోసకాయో వేసుకోవడానికి అనుమతి ఉండేది గాని సొంతం చేసుకోవడానికి వీలుండేది కాదు. ఈ శిఖం అన్న ఒక్క మాట ఈ ప్రాంతంలో తర్వాత నడిచిన కోర్టు కేసుల్లో ఎన్నిసార్లు వినబడిందో!

నగరం చుట్టూ ఉన్న అత్రాఫ్-ఎ-బల్దా జిల్లాలో చాలా భూమి నిజాం సొంత ఖాతా అయిన సర్ఫ్-ఎ-ఖాస్‌ది. 1948 సెప్టెంబరులో హైదరాబాదు భారత యూనియన్‌లో కలిసింది, 1949లో జాగీర్లు రద్దయ్యాయి, సర్ఫ్-ఎ-ఖాస్ ప్రభుత్వ పరమైంది. దున్నేవాళ్ళ చేతికి కొంత భూమి వచ్చింది. వరి, కూరగాయలు, నగరానికి పాలు, ఆ తర్వాత శివార్లలో అనబ్-ఎ-షాహీ ద్రాక్ష తోటలు. 1956లో హైదరాబాదు ఆంధ్రప్రదేశ్‌కు రాజధాని అయ్యేదాకా సరూర్‌నగర్ చెరువు నీళ్ళు తేటగానే ఉండేవని పెద్దవాళ్ళు చెబుతారు.

గుంటలు గజాలైన కాలం

రాజధాని అయ్యాక ఉద్యోగులు పెరిగారు, అద్దెలు పెరిగాయి, సంఘాలుగా ఏర్పడి స్థలాలు కొనుక్కోవడం మొదలైంది. తంతి తపాలా శాఖ వాళ్ళది పి అండ్ టి కాలనీ. ప్రభుత్వోద్యోగులకు వనస్థలిపురం. లాల్ బహదూర్ శాస్త్రి పేరుతో లాల్ బహదూర్ నగర్, అదే పొట్టిగా ఎల్.బి.నగర్. కంచన్‌బాగ్‌లోని రక్షణ పరిశోధనశాలలు, 1973లో వచ్చిన మిశ్రధాతు నిగమ్ ఉద్యోగులు చంపాపేట, కర్మన్‌ఘాట్ వైపు సర్దుకున్నారు.

భూమి కొలతలో వచ్చిన మార్పే ఈ చరిత్రకు అసలు గుర్తు. రైతు ఎకరాలు, గుంటలు అనేవాడు. ఎకరానికి 40 గుంటలు. ప్లాటు కొనేవాడు గజాలు అంటాడు. గుంటకు 121 గజాలు. అమ్మేటప్పుడు ఎకరంగా ఉన్న చేను కొనేటప్పటికి 4,840 గజాలు, అందులో రోడ్లకు పోయింది పోగా మిగతాది ఇళ్ళు. మధ్యలో ధర ఎన్ని రెట్లు పెరిగిందో రైతుకు సాధారణంగా ఆలస్యంగానే తెలిసేది. పటేల్, పట్వారీ పదవులు 1980ల నడుమ ఎన్.టి.రామారావు ప్రభుత్వం రద్దు చేసేనాటికి ఇక్కడ పట్వారీ చూడాల్సిన పంటే పెద్దగా మిగల్లేదు.

కొత్తగా వచ్చినవాళ్ళలో నల్లగొండ జిల్లావారు చాలామంది. కరువు, ఫ్లోరైడు నీళ్ళు, చదువులు, అన్నీ కలిసి తోశాయి. బస్సు దిగిన చోటే ఇల్లు వెతుక్కోవడం మనిషి స్వభావం, నల్లగొండ బస్సు నగరంలో మొదట ఆగేది ఇక్కడే. అదే దారిన ఖమ్మం, కృష్ణా, గుంటూరు జిల్లాలవారూ వచ్చారు. దాంతో ఈ ప్రాంతపు తెలుగు ఒక కలగూరగంప అయింది. ఒకే టిఫిన్ బండి దగ్గర అండీ, అన్నా, భయ్యా మూడూ వినిపిస్తాయి.

2001 లెక్కల నాటికి ఎల్.బి.నగర్ పురపాలక సంఘం జనాభా 2.6 లక్షలు దాటింది. 2007 ఏప్రిల్‌లో ఎల్.బి.నగర్, గడ్డిఅన్నారం సహా 12 పురపాలక సంఘాలు నగరపాలికలో కలిసి జి.హెచ్.ఎం.సి. ఏర్పడింది.

దిల్‌సుఖ్‌నగర్‌కు పేరు తెచ్చినవి కోచింగ్ సెంటర్లు, హాస్టళ్ళు, సినిమా హాళ్ళు, చీరల దుకాణాలు. గ్రూప్స్, డీఎస్సీ, బ్యాంకు పరీక్షలు, కంప్యూటర్ కోర్సులు, ఏ నోటిఫికేషన్ వచ్చినా ఇక్కడి గోడల మీద పోస్టర్లు మారతాయి. గదికి నలుగురు, వంటకు ఒకరు, ఇంటికి నెలకోసారి. తెలుగు జిల్లాల మధ్యతరగతి ఇళ్ళలో ఈ జీవితం తెలియని ఇల్లు తక్కువ.

ఆ జనసమ్మర్దమే ఒక సాయంత్రం శాపమైంది. 2013 ఫిబ్రవరి 21న కోణార్క్, వెంకటాద్రి థియేటర్ల దగ్గర, 107 నంబరు బస్టాపు సమీపంలో, నిమిషాల తేడాతో రెండు బాంబులు పేలి 18 మంది చనిపోయారు, వందమందికి పైగా గాయపడ్డారు. చనిపోయినవారిలో చదువుకోవడానికి వచ్చిన పిల్లలున్నారు. అంతకు ముందు 2002 నవంబరులోనూ సాయిబాబా గుడి దగ్గర పేలుడు జరిగింది. 2013 కేసులో ప్రత్యేక కోర్టు 2016 డిసెంబరులో ఐదుగురికి మరణశిక్ష వేసింది, 2025 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని ఖాయం చేసింది.

ఎల్.బి.నగర్ కూడలి పేరు తెలంగాణ ఉద్యమంతో ముడిపడి ఉంది. 2009 నవంబరు 29న శ్రీకాంతాచారి అనే యువకుడు ఇక్కడ ఒంటికి నిప్పంటించుకున్నాడు. డిసెంబరు 3న చనిపోయాడు. కూడలిలో అతని విగ్రహం ఉంది.

మామిళ్ళ వాసన

కొత్తపేటకు ఊరి లక్షణం అన్నిటికన్నా ఆలస్యంగా పోయింది, కారణం పండ్ల మార్కెట్. మొజంజాహీ మార్కెట్ నుంచి 1986లో గడ్డిఅన్నారం వచ్చిన ఈ మార్కెట్ 22 ఎకరాల్లో ఉండేది. వేసవిలో బంగినపల్లి లారీలు, తక్కిన కాలంలో నల్లగొండ బత్తాయి. తెల్లవారకముందే వేలం పాటలు, హమాలీల కేకలు, గడ్డి పరిచిన రాశులు, రోడ్డంతా మాగిన మామిడి వాసన. నగరం నడుమ అప్పటికింకా రైతు కాలుపెట్టే చోటు అది. ట్రాఫిక్ ఆగిపోతోందని విసుక్కున్నవాళ్ళే ఆదివారం డజన్లు మోసుకెళ్ళేవారు. 2020లో కరోనా రోజుల్లో మార్కెట్‌ను కోహెడకు తరలిస్తే మే నెల గాలివానకు షెడ్లు కూలిపోయాయి, మళ్ళీ వెనక్కి తెచ్చారు. 2021లో బాటసింగారానికి మార్చారు. 2022లో పాత షెడ్లు కూల్చేసి ఆ స్థలంలో వెయ్యి పడకల టిమ్స్ ఆస్పత్రికి శంకుస్థాపన చేశారు. ఆస్పత్రి అవసరమే, కాదనలేం. కాని మామిడి కాయ రేటు కొత్తపేట చెప్పే రోజులు పోయాయి.

నీళ్ళ జ్ఞాపకం

పొలం పోయింది, నీరటి పోయాడు, తూములు పూడిపోయాయి. నేల వాలు మాత్రం మారలేదు. 2003–04లో హైదరాబాదు పట్టణాభివృద్ధి సంస్థ (హుడా) సుమారు 20 కోట్ల ఖర్చుతో చెరువును బాగుచేసింది. కట్ట మీద నడకదారి, పార్కు వచ్చాయి. వినాయక నిమజ్జనానికి తూర్పు నగరమంతా ఇక్కడికే వస్తుంది. బతుకమ్మలనూ ఇందులోనే సాగనంపుతారు.

2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన వానకు పై చెరువులు నిండి గొలుసు వెంట నీళ్ళు దిగాయి. పూర్వం అవి పోయే కాలువలు ఇళ్ళ మధ్య ఇరుకైన నాలాలుగా మిగిలాయి. చెరువు కింది కాలనీలు రోజుల తరబడి మునిగాయి, వీధుల్లో పడవలు తిరిగాయి. గట్టిగా వాన పడ్డ ప్రతిసారీ లోతట్టు కాలనీల్లో అదే దృశ్యం చిన్న కొలతలో కనిపిస్తుంది. అధికారులు దీన్ని వరద అంటారు. పాత ఆయకట్టు పటం చేతిలో ఉన్నవారికి ఇది నాలుగు వందల ఏళ్ళ నాటి నీటి పారుదల. అప్పట్లో మడిలోకి పారేది ఇప్పుడు హాల్లోకి పారుతోంది.

2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట నుంచి ఎల్.బి.నగర్ దాకా మెట్రో నడవడం మొదలైంది. మలక్‌పేట, న్యూమార్కెట్ దాటాక రైలు వరుసగా పిలిచే పేర్లు మూసారాంబాగ్, దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్, ఎల్.బి.నగర్. ఒక ఫ్రెంచి సేనాని, ఒక భూస్వామి, ఒక కాలనీ, ఒక ఇంగ్లండు రాణి, ఒక ప్రధానమంత్రి. ఈ దారిలో పాత ఊళ్ళ పేర్లలో ఒక్కదానికీ స్టేషన్ లేదు. సరూర్‌నగర్ చెరువు చూడాలనుకునేవారు దిల్‌సుఖ్‌నగర్‌లోనో చైతన్యపురిలోనో దిగి దక్షిణం వైపు సుమారు ఒక కిలోమీటరు నడవాలి.